శనివారం మ్యాచ్‌కి ఎవరు దిగాలి?

(విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో, ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, అధ్యాపకుల ముందు ఒక స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టు సోమవారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్ పీడీ గారికి, పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకి నమస్కారాలు. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి, భీమిలి నుంచి కూడా వచ్చారని పీడీ గారు చెప్పారు. చాలా సంతోషం. వెనక నిలబడ్డ బాబులూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. దెబ్బలు తగిలినవాళ్లు మాత్రం ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండండి. మెట్లెక్కొద్దు. నేనే కిందికి వస్తాను.

సూటిగా విషయానికి వస్తాను. మొన్న శనివారం గెలిచారు. బాగా ఆడి గెలిచారు. కానీ ఆ గెలుపులో నలుగురికి దెబ్బలు తగిలాయి. రైట్ బ్యాక్‌కి చీలమండ బెణికింది. లెఫ్ట్ వింగ్ ఆడే అబ్బాయికి తొడ వెనక కండ దెబ్బతింది. వెనక మధ్యలో నిలబడి అడ్డుకునే స్టాపర్‌కి హెడ్డింగ్‌లో తలకి తల గుద్దుకుంది. కెప్టెన్‌కి మోకాలు. మళ్లీ ఈ శనివారం మ్యాచ్. మధ్యలో ఉన్నవి నాలుగే రోజులు. మంగళ, బుధ, గురు, శుక్ర. అంతే.

పీడీ గారు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "మేడమ్, శనివారానికి ఎవర్ని దించొచ్చు?" ఆ జవాబు మీరు నిజం చెబితేనే మాకు దొరుకుతుంది. నిన్న పొద్దున ఒక్కొక్కర్నీ అడిగాను. ఏమన్నారు? "బానే ఉంది మేడమ్." చీలమండ వాచిపోయి షూ లేసు కట్టడానికి రావట్లేదు, అయినా "బానే ఉంది మేడమ్." మెట్లు దిగుతూ రైలింగ్ పట్టుకుంటున్నాడు, "బానే ఉంది మేడమ్." అవునా కాదా? నవ్వుతున్నారు కదా, అంటే అవుననే.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. యూనివర్సిటీ జట్టు సెలక్షన్ ఉంటుంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తుందని ఇంట్లో ఆశ పెట్టుకుంటారు. ఒక్క మ్యాచ్ బయట కూర్చుంటే ఆ చోట్లోకి ఇంకొకడు వచ్చేస్తాడన్న భయం ఉంటుంది. ఆ భయం ఉత్తిది కాదు. దాని వెనక మీ ఇంటి పరిస్థితి ఉంది, మీ కష్టం ఉంది. అందుకే ఇవాళ మీ అమ్మానాన్నల్ని కూడా పిలవమన్నాను. పీడీ గారి ముందు, అందరి ముందు ఒక మాట చెప్తాను, ఆయన కూడా ఒప్పుకున్నారు. నొప్పి ఉందని చెప్పినందుకు ఈ జట్టులో ఎవరి చోటూ పోదు. దాచి ఆడి, రెండు నెలలు మంచం ఎక్కితే పోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా అరగంటా నేను చెప్పేది దీని గురించే.

ముందు చీలమండ. రైట్ బ్యాక్ ఎక్కడ? అక్కడే కూర్చో నాన్నా, షూ విప్పు, సాక్స్ కూడా తీసెయ్. మిగతావాళ్లు లేచి చుట్టూ రండి, కనిపించేలా. ఇదిగో, బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక చూశారా? దాని వెనక అంచు మీద, కింది కొస నుంచి పైకి ఓ ఆరు సెంటీమీటర్ల మేర నేను వేలితో నొక్కుతాను. ఇక్కడ నొప్పా? లేదు. ఇక్కడ? లేదు. ఇప్పుడు లోపలివైపు ఎముక, అలాగే. లేదు. పాదం మీద, చిటికెనవేలు వైపు మధ్యలో ఎముక కాస్త ఎత్తుగా ఉంటుంది, అక్కడ? లేదు. లోపలివైపు పాదం వంపు పైన? అక్కడా లేదు. మరి ఎక్కడ నొప్పి? ఎముక ముందు, కింద, ఈ మెత్తని చోట. ఇప్పుడు లేచి నాలుగు అడుగులు వెయ్. కుంటినా పర్లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సరే, కూర్చో. శనివారం దెబ్బ తగిలాక కూడా నడిచే బయటికి వచ్చావు కదా? మంచిది.

ఇప్పుడు నేను చేసింది నా సొంత తెలివి కాదు. కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఈ పద్ధతి ప్రచురించారు. ఎముక మీద నేను నొక్కిన ఆ చోట్లలో ఎక్కడైనా నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. రెండూ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. ప్రపంచమంతా వాడతారు. మీరూ వాడండి. గ్రౌండ్‌లో ఎవరికి బెణికినా ముందు ఇది చూడండి.

అమ్మగారూ, మీరు ఈ బాబు అమ్మగారే కదా? శనివారం రాత్రి ఏం చేశారు? నూనె రాసి మర్దన చేసి, కాపడం పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, మన ఇళ్లల్లో అందరూ అదే చేస్తారు. కానీ మొదటి రెండు మూడు రోజులు మర్దన వద్దమ్మా, కాపడం వద్దు. లోపల చిన్న చిన్న రక్తనాళాలు చితికి ఉంటాయి. వేడి తగిలితే, గట్టిగా రుద్దితే వాపు పెరుగుతుంది. కాలు దిండు మీద ఎత్తులో పెట్టండి, క్రేప్ బ్యాండేజీ కట్టండి. నొప్పి మరీ ఎక్కువైతే ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టండి. ఐసు నొప్పిని తగ్గిస్తుంది. గాయాన్ని మాన్పదు. అసలు ఐసు, విశ్రాంతి అన్న సూత్రాన్ని 1978లో పుస్తకంలో రాసిన అమెరికా డాక్టరే, తర్వాత 2014లో మళ్లీ రాశాడు, ఐసు ఎక్కువగా పెడితే మానడం ఆలస్యం కావచ్చని. కాబట్టి గంటల తరబడి పెట్టక్కర్లేదు. పట్టీ కట్టి ఆరు వారాలు కదలకుండా ఉంచడమూ వద్దు. విరగని చీలమండని నొప్పి ఓర్చుకోగలిగినంత మేర త్వరగా కదిలించడమే మందు.

మరి శనివారం ఇతను ఆడొచ్చా? చూద్దాం. లే నాన్నా. బాగున్న కాలి మీద ఒంటికాలితో నిలబడు. చక్కగా నిలబడ్డావు. ఇప్పుడు దెబ్బ తగిలిన కాలి మీద. చూశారా, పాదం ఎలా వణుకుతోందో? వేళ్లు నేలని ఎలా పట్టుకుంటున్నాయో చూడండి. ఇప్పుడు కళ్లు మూసుకో. పడతావు, నా చెయ్యి పట్టుకో. అదీ. మూడు సెకన్లు కూడా నిలవలేదు. వాపు తగ్గినా, నొప్పి పోయినా, ఈ వణుకు పోయేదాకా చీలమండ మళ్లీ బెణుకుతుంది. ఒకసారి బెణికిన కాలికే రెండోసారి బెణికే ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటులో ఉండే నరాలు పాదం ఎటు వాలుతోందో మెదడుకి చెప్పాలి. అవి దెబ్బతిన్నాయి. వాటికి మళ్లీ నేర్పాలి. రోజుకి మూడు నాలుగు సార్లు, పళ్లు తోముకునేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఒంటికాలి మీద నిలబడు. శుక్రవారం సాయంత్రం మళ్లీ చూస్తాను. కళ్లు మూసుకుని రెండో కాలితో సమానంగా నిలబడి, ఒంటికాలితో గెంతి, పరిగెత్తి ఒక్కసారి ఆగి పక్కకి తిరగగలిగితే, టేప్ వేసి బెంచీ మీద కూర్చోబెట్టమంటాను. మొదటి నిమిషం నుంచి ఆడించమని మాత్రం అనను. పీడీ గారూ, రాసుకోండి.

లెఫ్ట్ వింగ్ అబ్బాయి. ఇతని సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇతను శనివారం ఆడడు. కండ పట్టేయడం వేరు, కండ చిరగడం వేరు. పట్టేసినప్పుడు కాలు సాగదీస్తే రెండు నిమిషాల్లో వదిలేస్తుంది. చిరిగితే ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగినంత కచ్చితంగా నొప్పి. ఇతను బంతి వెంట పూర్తి వేగంతో వెళ్తూ ఒక్కసారి తొడ వెనక చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. మీరంతా చూశారు. అది చిరగడమే. కొద్దిగానే చిరిగింది, రోజూ నడిచేటప్పుడు పెద్దగా తెలియదు. అదే ప్రమాదం. నడవగలుగుతున్నాను కాబట్టి పరిగెత్తగలను అనుకుంటారు. స్లాబు పోసిన మర్నాడే దాని మీద గోడ కడతామా? కట్టం కదా. చిరిగిన కండ అతుక్కోవడానికి దాని టైము దానికి ఇవ్వాలి. పూర్తి వేగంతో నొప్పి లేకుండా పరిగెత్తగలిగిన రోజు నువ్వు తిరిగి వస్తావు నాన్నా. అప్పటిదాకా రోజూ నాతో పని.

మిగతావాళ్లకి ఇది రాకుండా ఒక వ్యాయామం ఉంది. ఇద్దరు రండి, ఇక్కడ చాప ఉంది. ఒకరు మోకాళ్ల మీద కూర్చో, నడుము నిటారుగా. రెండోవాడు వెనక నుంచి చీలమండలు నేలకి అదిమి పట్టుకో. ఇప్పుడు ఒళ్లంతా ఒక పలకలా పెట్టి, నడుము దగ్గర వంగకుండా, మెల్లగా ముందుకి వాలు. మెల్లగా, మెల్లగా... ఇంక ఆపుకోలేవు అన్నప్పుడు చేతులు నేలకి ఆనించు. తొడ వెనక ఎలా లాగింది? లాగిందా? అదే కావాలి. దీన్ని నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. వేల మంది ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనలన్నీ కలిపి 2019లో చూస్తే, ఇది క్రమం తప్పకుండా చేసే జట్లలో తొడ వెనక కండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. సగానికి! ఏ మందు బిళ్లా ఆ పని చేయదు. కానీ ఒక హెచ్చరిక. ఎప్పుడూ చేయనివాళ్లు మొదలుపెడితే రెండు మూడు రోజులు కాళ్లు పట్టేసి నొప్పులుంటాయి. కాబట్టి రేపు ఒక్కొక్కరూ నాలుగైదు సార్లు చేయండి, చాలు. గురువారం, శుక్రవారం ఎవరూ ముట్టుకోకండి. మ్యాచ్ అయ్యాక సరిగ్గా మొదలుపెడదాం.

తల దెబ్బ

ఇప్పుడు స్టాపర్. ఈ బాబు గురించి నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

శనివారం కార్నర్ కిక్‌లో ఇతనికి తల తగిలింది. లేచాడు, ఆడాడు, మ్యాచ్ పూర్తి చేశాడు. ఆట అయిపోయాక పీడీ గారు "స్కోరెంత?" అని అడిగితే ఒకటి–ఒకటి అన్నాడు. మనం గెలిచింది రెండు–ఒకటి. రెండో గోల్ పడ్డది అతని కళ్ల ముందే. రాత్రి తలనొప్పి, లైటు పడలేదు. ఇది మెదడు కుదుపు. కన్‌కషన్. పైకి రక్తం లేదు, కట్టు లేదు, కాబట్టి ఎవరికీ భయం వేయలేదు. స్కాన్ తీసినా చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. కానీ మెదడు పని తీరు తాత్కాలికంగా దెబ్బతింది. అది కోలుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే, చిన్న దెబ్బైనా సరే, ప్రాణం మీదికి రావచ్చు. కుర్రవాళ్లలో మరీను.

ఇక్కడ మీకు ఒక కథ గుర్తొస్తుంది, ముఖ్యంగా ఫుట్‌బాల్ చరిత్ర తెలిసిన పెద్దవాళ్లకి. 1962, జకార్తా, ఏషియన్ గేమ్స్. మన జట్టు కోచ్ హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిరీత్యా బడి పంతులు. జట్టులో మన సికింద్రాబాద్ అబ్బాయి తులసీదాస్ బలరాం ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయాం. థాయిలాండ్‌తో ఆడినప్పుడు మన స్టాపర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలింది, కుట్లు పడ్డాయి. రహీం గారు ఏం చేశారు? సెమీఫైనల్లో అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపించారు. తలకి కట్టుతోనే ఆడి గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. లక్ష మంది జనం, వాళ్లంతా మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. రెండు–ఒకటితో బంగారు పతకం. అప్పటికే రహీం గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, పోయారు. ఆ తర్వాత ఇప్పటిదాకా మనకి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో బంగారం రాలేదు.

ఈ కథ చెప్తుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. ఇప్పుడూ పులకరించింది. ఆ మనుషులకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ బాబూ, ఆ కథలోంచి ఏది తీసుకోవాలి? తల పగిలినా ఆడడమా? వద్దు. 1962లో మెదడు కుదుపు గురించి డాక్టర్లకే ఇప్పుడు తెలిసినంత తెలియదు. ఇవాళ ఫుట్‌బాల్ చట్టాలే మారాయి. తలకి దెబ్బ తగిలినవాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి దించడానికి మామూలు సబ్‌స్టిట్యూషన్ల లెక్కలోకి రాని అదనపు మార్పుకి 2021 నుంచి ప్రయోగాలు చేసి, 2024లో నిబంధనల్లోనే పెట్టారు. ప్రపంచమంతా ఒప్పుకున్నదేమిటంటే, తల దెబ్బ అనుమానం ఉంటే ఆటగాడు అదే రోజు మళ్లీ మైదానంలోకి రాకూడదు. ఒకటి రెండు రోజులు చదువు, ఫోను తగ్గించి విశ్రాంతి. ఆ తర్వాత మెట్టు మెట్టుగా నడక, పరుగు, బంతి, ప్రాక్టీసు, చివర్న మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. మధ్యలో తలనొప్పి వస్తే వెనక్కి వెళ్లాలి. డాక్టరు ఒప్పుకున్నాకే మ్యాచ్. లెక్క వేసుకోండి, ఒక్క రోజు కూడా తేడా రాకపోతేనే శనివారానికి చేరతాం, తలతో ఆ తొందర నేను పడను. ఇతను ఆడడు. దీని మీద నాతో ఎవరూ బేరం ఆడొద్దు, పీడీ గారు కూడా.

రహీం గారి నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. ఆయన తన దగ్గరున్నవాళ్లతో జట్టుని మళ్లీ అల్లాడు. ఉన్నదాంతో ఏం చేయొచ్చో చూశాడు. అది తీసుకుందాం.

అదే ఏడాది, ఇంకో ఖండంలో, ఇంకో ముచ్చట. చిలీలో ప్రపంచకప్. రెండో మ్యాచ్‌లోనే పీలేకి తొడ కండరం దెబ్బతింది. అప్పటికి ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూషన్లే లేవు, అవి వచ్చింది 1970లో. కుంటుకుంటూ మైదానంలోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆ టోర్నీలో ఆడలేదు. ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు పోయాడు, ఇంక బ్రెజిల్ పనైపోయింది అనుకున్నారు. అతని చోట్లోకి అమరిల్డో అని ఒక కుర్రాడు వచ్చాడు. స్పెయిన్‌తో మ్యాచ్‌లో వెనకబడ్డ జట్టుకి రెండు గోల్సూ అతనే కొట్టాడు. ఫైనల్లో చెకోస్లొవేకియా ముందు గోల్ కొడితే, సమం చేసింది మళ్లీ అతనే. కప్పు బ్రెజిల్‌దే.

బెంచీ మీద కూర్చునే బాబులూ, ఎక్కడున్నారు? చేతులెత్తండి. ఇంకా ఎత్తండి, సిగ్గెందుకు? శనివారం మీలో ముగ్గురో నలుగురో మొదటి నిమిషం నుంచి ఆడతారు. ఇన్నాళ్లూ బంతులు మోశారు, నీళ్లు అందించారు, చివరి ఐదు నిమిషాలు ఆడారు. ఇప్పుడు జట్టు మీ మీద నిలబడుతుంది. మీకు టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. మీ పక్కన ఆడేవాడితో ఈ నాలుగు రోజులూ కలిసి తిరగండి, కలిసి తినండి. కొత్త స్టాపరు, గోలీ ఒకరినొకరు పేరు పెట్టి అరిచి పిలుచుకోవాలి. బంతి గాల్లో ఉన్నప్పుడు "నాది" అని ఎవరు అరుస్తారు, "వదిలెయ్" అని ఎవరు అరుస్తారు, ఇది రేపటి నుంచే అలవాటు కావాలి. మొన్న ఇద్దరూ అరవకుండా ఒకే బంతికి లేచారు. దెబ్బ అక్కడే తగిలింది.

ఆటలో ఎవరు ఎక్కడ ఆడాలో పీడీ గారి ఇష్టం, నేను జోక్యం చేసుకోను. ఒక్క విన్నపం. ఒక ఖాళీ పూడ్చడానికి ముగ్గుర్ని అటూ ఇటూ జరపొద్దు సార్. స్టాపర్ లేడు కదా అని మైదానం మధ్యలో ఆడే హాఫ్‌ని వెనక్కి తెచ్చి, ఫార్వర్డ్‌ని హాఫ్‌కి తెస్తే, అలవాటు లేని చోట అలవాటు లేని పరుగు పరిగెత్తి ఇంకొకరు దెబ్బ తింటారు. ఆ చోట ఆడే కుర్రాడు బెంచీ మీద ఉన్నాడు, అతన్నే దించండి.

మోకాలు, మాత్రలు

కెప్టెన్ నాన్నగారు ఎక్కడ ఉన్నారు? నమస్కారం అండి. మీతో విడిగా మాట్లాడదామనుకున్నాను, కానీ మీరే అందరి ముందూ చెప్పమన్నారు కాబట్టి చెప్తాను. మీ అబ్బాయిని ఎవరూ తన్నలేదు. ఒంటరిగా పరిగెత్తుతూ ఒక్కసారి మలుపు తిరిగాడు, పాదం నేలకి అతుక్కుంది, మోకాలు లోపలికి ఒరిగింది. "టక్" మని శబ్దం వినిపించిందని తనే చెప్పాడు. రెండు మూడు గంటల్లోనే మోకాలు వాచింది. ఈ మూడు కలిస్తే మేం ముందు అనుమానించేది మోకాలి మధ్యలో ఉండే లిగమెంటునే, ఏసీఎల్. అది అదే అని నేను ఖాయంగా చెప్పట్లేదు. ఎమ్మారై తీయాలి, ఆర్థోపెడిక్ సర్జన్ చూడాలి. అప్పటిదాకా ఆట లేదు, పరుగు లేదు.

అది నిజంగా తెగి ఆపరేషన్ అవసరమైతే, మళ్లీ ఆడడానికి కనీసం తొమ్మిది నెలలు. ఎందుకు తొమ్మిది? 2016లో వచ్చిన ఒక నార్వే అధ్యయనం ఉంది. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆటలోకి రావడాన్ని తొమ్మిది నెలల దాకా ఒక్కో నెలా వాయిదా వేసినకొద్దీ, మళ్లీ మోకాలు దెబ్బతినే ప్రమాదం సగం చొప్పున తగ్గుతూ వచ్చింది. ఒక్కో నెలకి సగం! అయ్యా, మీ అబ్బాయికి ఇరవై ఏళ్లు. ఆ మోకాలితో ఇంకో యాభై ఏళ్లు నడవాలి, మెట్లెక్కాలి, బండి తోలాలి. ఒక శనివారం కోసం దాన్ని పణంగా పెట్టొద్దు. ఇక్కడ కూర్చున్న ఆడపిల్లల జట్టు కూడా వినండమ్మా, ఈ లిగమెంటు గాయం ఆడపిల్లల్లో మగపిల్లల కంటే ఎక్కువ. గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దిగడం మీరు తప్పకుండా నేర్చుకోవాలి.

"ఒక ఇంజక్షన్ చేయించేద్దాం మేడమ్, తొంభై నిమిషాలు నెట్టుకొస్తాడు." ఈ మాట నేను ప్రతి సీజన్‌లోనూ వింటాను. ఏ కాలేజీ అనక్కర్లేదు, ఎక్కడైనా వింటాను. నొప్పి ఇంజక్షన్ గాయాన్ని మాన్పదు, గాయం ఉందన్న కబురు మెదడుకి అందకుండా చేస్తుంది. అప్పుడు సగం తెగింది పూర్తిగా తెగినా తెలియదు. పైగా మన విశాఖ ఉక్కపోతలో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, ఖాళీ కడుపుతో వేసుకునే నొప్పి మాత్రలు కిడ్నీలకీ కడుపుకీ మంచివి కావు. మ్యాచ్ ముందు ఎవరి బ్యాగులోనైనా నొప్పి మాత్ర ఉంటే నా చేతికి ఇవ్వండి. ఎవర్నీ తిట్టను.

ఇక ఈ నాలుగు రోజులు. రేపు పొద్దున తేలిక పని, ఒళ్లు విప్పడం. బుధవారం గట్టిగా. గురువారం సగం పని, కార్నర్లు, ఫ్రీ కిక్కులు, ఎవరు ఎవర్ని మార్క్ చేయాలో. శుక్రవారం అరగంట బంతితో, అంతే. మ్యాచ్ ఉంది కదా అని ఇప్పుడు రెట్టింపు ప్రాక్టీసు చేయొద్దు. అలవాటు లేకుండా ఒక్కసారి పని పెంచితేనే గాయాలు వస్తాయి. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో పరిగెత్తేవాళ్లు, ఈ వారం మానేయండి. పొడి ఇసుకలో పిక్కల మీద, మడమ నరం మీద భారం ఎక్కువ. అలల దగ్గర తడి ఇసుక గట్టిగా ఉంటుంది కానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. వెళ్లేటప్పుడు ఒక పాదం, వచ్చేటప్పుడు ఒక పాదం పల్లంలో పడుతుంది. బెణికిన చీలమండకి అది శత్రువు. బీచ్ రోడ్డు మీద నడవండి, కావలిస్తే.

రోజూ ప్రాక్టీసుకి ముందు ఇరవై నిమిషాలు ఫిఫా ఎలెవెన్ ప్లస్ వార్మప్. పదిహేను వ్యాయామాలు, ఖర్చు పైసా లేదు, ఒక బంతి ఉంటే చాలు. అమెరికాలో 2012 సీజన్‌లో మీలాంటి కాలేజీ జట్ల మీదే పరీక్షించారు. చేసిన జట్లలో గాయాలు నలభై ఆరు శాతం తగ్గాయి. గుండ్రంగా రెండు రౌండ్లు పరిగెత్తి, కాలు పైకెత్తి చాచి, అయిపోయింది అనుకునే వార్మప్ ఇవాళ్టితో మానేద్దాం. బరువైన వాటిని, అంటే ఇందాక చూసిన ఆ తొడ వ్యాయామాన్ని, ఈ వారం గురు శుక్రవారాల్లో మాత్రం వదిలేద్దాం.

నీళ్ల సంగతి. మన దగ్గర గాల్లో తేమ ఎక్కువ, చెమట కారుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే హైదరాబాద్‌లో ఆడే కుర్రాడికంటే విశాఖలో ఆడే కుర్రాడు అదే ఎండకి తొందరగా డస్సిపోతాడు. రేపు ప్రాక్టీసుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. అర కేజీ తగ్గితే దాదాపు అర లీటరు నీళ్లు పోయినట్టు. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఓఆర్ఎస్ ఏదైనా పర్లేదు. శుక్రవారం రాత్రి బిర్యానీ పార్టీలు వద్దు, అన్నం, పప్పు, కూర చాలు. శనివారం పొద్దున మ్యాచ్‌కి మూడు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు. మ్యాచ్ ఏడున్నరకైతే నాలుగున్నరకే లేవాలి, లేవండి. అమ్మగార్లూ, ఆ ఒక్క రోజూ మీరూ లేవాల్సి వస్తుంది, మన్నించండి. నిద్ర మాత్రం ఎనిమిది గంటలకి తగ్గొద్దు. ఫోన్లు ఎనిమిదింటికే అమ్మ చేతికి ఇచ్చేయండి.

దెబ్బలు తగిలిన నలుగురూ రేపు ఇంట్లో కూర్చోకండి. గ్రౌండ్‌కి రండి. కెప్టెన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని కొత్త కుర్రాళ్లకి చెప్పాలి. ఎదుటి జట్టుతో ఆడినవాడు అతనే కదా, వాళ్ల వింగర్ ఎటు కోస్తాడో అతనికే తెలుసు. స్టాపర్ బాబు, తలనొప్పి లేకపోతేనే రా, ఎండలో కాదు, నీడలో ఓ గంట. కేకలు వెయ్యొద్దు. చీలమండ బాబు నాతో ఒంటికాలి పని. వింగర్ నాతో తొడ వ్యాయామం, మెల్లగా.

పొద్దున్న ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉంటాను. టేపులు, ఐసు డబ్బా నేనే తెస్తాను. కెప్టెన్ నాన్నగారూ, ఎమ్మారై గురించి మీతో మాట్లాడాలి, ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ఇప్పుడు ఎవరికైనా అడగాల్సింది ఉంటే అడగండి. బెంచీ మీద కూర్చున్న బాబులు ముందు అడగాలి.